నోరు విప్పని హీరోకి అన్నయ్య గొంతు

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం ఇక్కడ కెనడాలో, ఓక్‌విల్‌లో మా మిత్రుడి ఇంట్లో, ఎవరి వంట వాళ్లు తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలు పెట్టుకున్నాం. వచ్చినవాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లమే, షుగరో బీపీయో లేనివాడు మాలో ఒక్కడూ లేడు, అయినా ఎవరింటి నుంచి ఏ స్వీటు వచ్చిందా అని ముందు ఆ గిన్నెల మూతలే తీసి చూసుకున్నాం. భోజనాలయ్యాక మగవాళ్లం బేస్‌మెంట్‌లోకి దిగి, గోడంత టీవీ ముందు సోఫాల్లో కూలబడి, ఏదైనా పాత సినిమా పెట్టవయ్యా అని మా మిత్రుడి అల్లుణ్ణి అడిగితే, అతను ఫోన్‌లో కాసేపు వెతికి, "అంకుల్, ఇది చూడండి, హాస్టల్‌లో ఎగ్జామ్స్ టైంలో స్ట్రెస్ వస్తే ఇదే పెట్టుకునేవాళ్లం, మామూలు కామెడీ కాదు" అంటూ ఒకటి పెట్టాడు. చూస్తే అది కామెడీ కాదు, తెలుగులోకి డబ్బింగ్ చేసిన థాయ్ ఫైటింగ్ సినిమా. మోచేతులతో, మోకాళ్లతో ఎముకలు విరిగేలా కొట్టుకునే రకం. ఇరవై ఏళ్ల కిందట మన ఊళ్లలో ఇలాంటివి ఉదయం ఆటలకు తెగ వేసేవారు, మీలో కొందరు ఆఫీసుకు డుమ్మా కొట్టి చూసే ఉంటారు.

తెర మీద ఒక బక్కపలచటి కుర్రాడు పడవ మీద నుంచి ఎగిరి ఒకడి నడినెత్తిన మోచేత్తో పొడిచాడు, పొడుస్తూ ఓ పెద్ద అరుపు అరిచాడు. బేస్‌మెంట్ అంతా గొల్లుమంది. రెండో దెబ్బకి ఇంకో అరుపు, మూడో దెబ్బకి మరోటి. మా మిత్రుడి అల్లుడు దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు, లేచి నిలబడి అలాగే అరిచి చూపించాడు. ఎవడండీ బాబూ ఈ అరిచినవాడు, కడుపునొప్పితో ఉన్నాడేమో అని ఒకాయన అంటే ఇంకోసారి నవ్వులు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. పక్కవాడి భుజం తట్టి మరీ నవ్వాను. ఆ అరుపు మా అన్నయ్యది.

చెప్పలేదు. చెబితే ఏమవుతుంది, పాపం మంచివాళ్లే, టీవీ కట్టేసి నొచ్చుకునేవారు, తర్వాత నాలుగు వారాలు నన్ను జాలిగా చూసేవారు. తిరిగి మిల్టన్‌లో మా ఇంటికి వస్తుంటే మా ఆవిడ కారు నడుపుతూ, అక్కడేం జరిగిందని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఏం లేదు, స్వీటు ఎక్కువ తిన్నాను అన్నాను. అప్పటినుంచి ఈ నెల రోజులూ నాకు వేరే ధ్యాస లేదు, ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడేట్టు లేదు కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను. నా వయసువాళ్లు కదా, మీలోనూ ఎవరో ఒకరు ఇలాంటి పని ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారని నా ఆశ.

నేను హైదరాబాదులో డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసేవాణ్ణి. ఇక్కడి వాళ్లకు ఆ సంగతి చెబితే ముచ్చటపడి, అయితే మీకు థాయ్ వచ్చా అంకుల్, చైనీస్ వచ్చా అంటారు. ఏమీ రాదు. సినిమాతోపాటు ఇంగ్లీషులో ఓ మాటల పత్రం వచ్చేది, అది ముందు పెట్టుకుని, తెరమీద మనిషి పెదవులు ఎప్పుడు తెరుస్తున్నాడో ఎప్పుడు మూస్తున్నాడో చూసుకుంటూ, వాడు పెదవులు కలిపేచోట మన ప, బ, మ పడేలా, వాడి ఊపిరి ఆగేచోట మన వాక్యం ఆగేలా మాటలు కూర్చడమే మా విద్య. అసలు మాటకు మన మాటకు అర్థం కలిసిందా లేదా అని అడిగే నాథుడు లేడు. హీరో వీపు మనవైపు తిప్పాడంటే మాకు పండగే, పెదవులు కనబడవు కాబట్టి ఎంత పెద్ద డైలాగైనా అక్కడ కుక్కేయవచ్చు. అలా వీపుల మీద డైలాగులు రాయడంలో నన్ను మించినవాడు లేడని పేరు కూడా తెచ్చుకున్నాను, అదో ఘనకార్యం.

అన్నయ్య నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఊరి శివార్లలో ఓ బస్టాండులో కాంట్రాక్టు మీద మైకులో బస్సుల వేళలు చెప్పే ఉద్యోగం. ఇప్పటిలా రికార్డు చేసిపెట్టిన గొంతులు కావు, చిన్న గాజు గదిలో మనిషి కూర్చుని, డ్రైవర్లు తెచ్చిచ్చిన చీటీలు చూసి, అప్పటికప్పుడు చెప్పాల్సిందే. ఫలానా ఊరు వెళ్లే బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది అని అందరూ చెప్పే మాటే, కానీ అన్నయ్య చెబుతుంటే పల్లీలు వలుచుకుంటున్నవాళ్లు కూడా చేతులు ఆపి వినేవాళ్లని అక్కడి టీ కొట్టు ఆయన నాతో చాలాసార్లు అన్నాడు. ఒక్కోసారి గాజులోంచి చూసి, మామ్మగారూ ఆ మూట బెంచీ మీదే మరిచిపోతున్నారు అని మైకులోనే హెచ్చరించేవాడట, అలాంటివి మాట్లాడకూడదని పైవాళ్లతో చీవాట్లు తినేవాడట, మర్నాడు మళ్లీ అదే పని చేసేవాడట.

సెలవు రోజున అన్నయ్య నా వెంట రికార్డింగ్ థియేటర్‌కి వచ్చేవాడు. నలుగురైదుగురిని మైకు చుట్టూ నిలబెట్టి గుంపు గొంతులు పట్టించేవాళ్లం కదా, పట్టుకోండి, పారిపోతున్నాడు, అయ్యో అంబులెన్స్ పిలవండి, అలాంటివి, ఆ గుంపులో అన్నయ్య ఒకడు. ఎన్ని సినిమాల్లో ఎన్నిసార్లు అంబులెన్స్ పిలిచాడో లెక్కలేదు. తనకు ఒకే ఒక్క కోరిక ఉండేది. గుంపులో కాకుండా ఒంటరిగా మైకు ముందు నిలబడి, తెరమీద హీరో మొహం కనబడుతుండగా ఒక్క వాక్యం చెప్పాలని. నాతో ఆ సంగతి ఒకటే ఒకసారి అన్నాడు. నేను అప్పటికి నాలుగు సినిమాలు రాసి కాస్త పొగరెక్కి ఉన్నాను, చూద్దాంలే అన్నాను. అన్నయ్య మళ్లీ అడగలేదు, అడిగే స్వభావం కాదు.

అలాంటి రోజుల్లో ఈ థాయ్ సినిమా వచ్చింది. కథ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నది ఒడ్డున పడవలు చేసే ఓ ముసలాయన, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. ఎవరో దుర్మార్గులు ముసలాయనను చంపేస్తారు, చేస్తున్న పడవ సగంలో ఆగిపోతుంది. కుర్రాడు గురువును చంపినవాళ్లను పట్టుకునేదాకా నోరు విప్పనని మొక్కుకుని, రెండు గంటల సినిమాలో ఒక్క మాటైనా, ఒక్క మూలుగైనా లేకుండా కొట్టుకుంటూ వెళ్తాడు. దెబ్బ తగిలినా అరవడు, కొట్టినా అరవడు, వినబడేది ఊపిరి, నీళ్ల చప్పుడు, అంతే. ఆఖరి సీన్లో ఆ పడవ పూర్తిచేసి, గురువు అస్థికలు అందులో పెట్టుకుని, నది మధ్యకు వెళ్లి మొదటిసారి నోరు తెరిచి చెబుతాడు. పడవ పూర్తయింది గురువుగారూ, అని. అంతే, అయిపోయింది.

మొదటిసారి ఆ సినిమా చూసిన రోజు అన్నయ్య నా పక్కనే కూర్చున్నాడు. ఆఖరి వాక్యం దగ్గర తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని, "ఆ ఒక్క మాట నాకిప్పించరా, ఇంకేం వద్దు" అన్నాడు.

సినిమా కొన్న డిస్ట్రిబ్యూటరుగారు మాత్రం తల పట్టుకున్నారు. హీరో మూగవాడేంటండీ, ఇలాగే వేస్తే జనం కుర్చీలు విరగ్గొడతారు అని ఆయన గోల. అక్కడ నేను నా తెలివితేటలు ప్రదర్శించాను. మొక్కు సంగతి ఎగరగొట్టేద్దామన్నాను. హీరో వీపు కనబడేచోటల్లా పంచ్ డైలాగులు పెడతానన్నాను. కొట్టిన ప్రతి దెబ్బకీ ఒక అరుపు పెడదాం, నోరు మూసుకున్నా ఫైటు వేగంలో ఎవడు చూస్తాడు అన్నాను. ఆయన లేచొచ్చి నన్ను కౌగిలించుకున్నారు. తర్వాత రాబోయే పెద్ద సినిమా కూడా నీకేనయ్యా అన్నారు. ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాను, అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

డైలాగులు చెప్పడానికి అప్పట్లో బాగా పేరున్న గొంతు ఆయన్ని మాట్లాడారు. ఆయన డైలాగులు చెబుతాను కానీ అరుపులు అరవను, గొంతు నాకు అన్నం పెడుతోంది అని ముందే చెప్పేశారు. తెలిసినవాడు కాబట్టి జాగ్రత్తపడ్డాడు. అరవడానికి వేరే మనిషి కావాలి. నేను అన్నయ్య దగ్గరికి వెళ్లి, అరుపులన్నీ నువ్వు అరిచెయ్యి, ఆఖరి మాట నీకే ఇప్పిస్తాను, నాది పూచీ అన్నాను. అన్నయ్య బస్టాండులో మూడు రోజులు సెలవు పెట్టుకుని వచ్చాడు.

మొదటి రోజు పొద్దున అన్నయ్య కొత్త చొక్కా వేసుకుని, చిన్న డబ్బాలో పటికబెల్లం, మిరియాలు పెట్టుకుని వచ్చాడు. ఆ పొద్దున్నే, ఆ గొంతుతోనే, ముందు ఆ ఆఖరి వాక్యం చెప్పించేసి ఉంటే సరిపోయేది, రెండు నిమిషాల పని. ఎవరూ కాదనేవారు కాదు. కానీ మా పద్ధతి ప్రకారం సినిమా మొదటినుంచీ వరసగా రీలు వెంట రీలు పట్టుకుంటూ వెళ్తాం, ఆఖరి సీను ఆఖర్నే వస్తుంది, పైకి చెప్పిన కారణం అదీ. లోపలి కారణం ఇంకోటి ఉంది, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ మాట ముందే ఇచ్చేస్తే తర్వాత అరుపులు మనసుపెట్టి అరవడేమో అనుకున్నాను. సొంత అన్నయ్యకు ఆశ చూపించి పని చేయించుకున్నాను.

అరవడమంటే మీరు అనుకునేంత తేలిక కాదు. ఒక్కో దెబ్బకి కనీసం మూడు నాలుగు టేకులు. కొట్టే అరుపు వేరు, దెబ్బ తినే అరుపు వేరు, ఎగిరేటప్పుడు వేరు, పడేటప్పుడు వేరు, అన్నీ పొట్టలోంచి రావాలి, లేకపోతే మైకు ఇట్టే పట్టేస్తుంది. సినిమాలో తొమ్మిది ఫైట్లు. మొదటి రోజు మూడయ్యాయి, అన్నయ్య నవ్వుతూ బయటికి వచ్చాడు. రెండో రోజు మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది, వేడినీళ్లు పుక్కిలించి ఉమ్మితే ఎర్రగా పడింది, తమలపాకు నములుతున్నాను కదరా అని అన్నయ్యే సర్దిచెప్పాడు. ఆ రోజు అన్నయ్య తమలపాకు వేసుకోలేదని నాకు తెలుసు. సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసేసి నన్ను వరండాలోకి పిలిచి, "సార్, ఆయనకు నాలుగు రోజులు రెస్ట్ ఇవ్వండి, నాకు గొంతు చీలుతున్నట్టు వినబడుతోంది, పోతే మళ్లీ రాదు" అన్నాడు.

విన్నాను. అర్థమైంది కూడా. కానీ పోస్టర్లు అప్పటికే గోడలెక్కాయి, డిస్ట్రిబ్యూటరుగారు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు, ఆయన చేతిలో నా తర్వాతి సినిమా ఉంది. లోపలికి వెళ్లి ఇంజనీరు చెప్పిన ముక్క అన్నయ్యకు చెప్పలేదు. ఇంకో మూడు ఫైట్లే అన్నయ్యా, ఆ తర్వాత నీ మాటే అన్నాను. అన్నయ్య తల ఊపి మళ్లీ మైకు ముందుకు వెళ్లాడు.

మూడో రోజు సాయంత్రం ఆఖరి సీను వచ్చింది. దీపాలు తగ్గించారు, తెరమీద నది, పడవ, ఆ కుర్రాడి మొహం తెర నిండా. అన్నయ్య చెప్పులు విప్పి పక్కన పెట్టి మైకు ముందు నిలబడ్డాడు. కుర్రాడు పెదవులు తెరిచాడు, అన్నయ్యా తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ వేశారు, మళ్లీ గాలే. నీళ్లు తాగాడు, గుండె మీద చెయ్యి వేసుకుని రుద్దుకున్నాడు, ఇంకోసారి అన్నట్టు వేలెత్తి చూపించాడు. అలా అయిదుసార్లు. అయిదోసారి పడవ అన్న మాటలో సగం ఏదో గీరినట్టు వినబడింది, అంతే. గాజు అవతల ఇంజనీరు నావైపు చూశాడు, నేను కాయితాలు సర్దుకుంటున్నట్టు నటించాను.

పేరున్న ఆయన పక్క థియేటర్లో ఇంకో సినిమా చెబుతున్నారని తెలిసి డిస్ట్రిబ్యూటరుగారు ఆయన్ని పిలిపించారు. ఆయన చేతిలో టీ గ్లాసుతోనే వచ్చి, నిలబడే ఒక్క టేకులో చెప్పేసి, బాగా వచ్చిందా అని అడిగి వెళ్లిపోయారు. అన్నయ్య గోడకు ఆనుకుని నిలబడి, బాగుందని వేళ్లతో నాకు సైగ చేశాడు. తర్వాత అందరికీ టీ చెప్పడానికి కిందికి వెళ్లాడు. చెప్పడానికి గొంతు లేదు కాబట్టి టీ కొట్టులో వేళ్లు చూపించి ఆరు గ్లాసులు తెచ్చాడు. ఆ ఆరు గ్లాసుల్లో తనకోసం ఒకటి లేదు.

డాక్టరు గొంతులో నరాలు చిట్లాయన్నాడు, నెల రోజులు నోరు మెదపొద్దన్నాడు, ఆ పైన దేవుడి దయ అన్నాడు. దేవుడి దయ గుసగుస దగ్గర ఆగిపోయింది. చెవి దగ్గరికి వస్తే తప్ప అన్నయ్య మాట ఎవరికీ వినబడేది కాదు. బస్టాండు పని వేరొకరికి వెళ్లింది, అన్నయ్య అక్కడే లగేజీ గదిలో చీటీలు రాసే పనిలో కుదురుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఎదురు తిరిగేవాణ్ణి, నువ్వే కదా ఒప్పుకున్నావు అనేవాణ్ణి, పోట్లాడుకుని ఆ తర్వాత కలిసిపోయేవాళ్లం, అలాంటి దారి కూడా లేకుండా చేశాడు. సినిమా మాత్రం చిన్న ఊళ్లలో బ్రహ్మాండంగా ఆడింది. ఉదయం ఆటకి ఇద్దరం వెళ్లాం, జనం ప్రతి అరుపుకీ తాము కూడా అరుస్తూ ఈలలు వేశారు, అన్నయ్య నవ్వుతూ చూశాడు. ఆఖరి సీను రాగానే వంగి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

రెండేళ్లకు మా ఆవిడ నర్సు ఉద్యోగం మీద మాకు కెనడాలో శాశ్వతంగా ఉండడానికి పీఆర్ వచ్చింది. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. ఎయిర్‌పోర్టుకు అన్నయ్యా వదినా వచ్చారు. లోపలికి వెళ్లబోయే ముందు అన్నయ్య నా మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని, చెవిలో ఏదో చెప్పాడు, చాలాసేపే చెప్పాడు. చుట్టూ జనం, పైన మైకులో విమానాల గోల, నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఏంటన్నయ్యా అని మళ్లీ అడగాల్సింది. అడిగితే ఇంత చేసినవాడికి చెవులూ లేవా అనుకుంటాడేమోనని, అలాగే అన్నయ్యా, తప్పకుండా అన్నాను. దేనికి ఒప్పుకున్నానో నాకు తెలియదు. అన్నయ్య తృప్తిగా తల ఊపాడు.

ఇక్కడికి వచ్చాక మాటలు రాసుకునే వాడికి ఏం పని దొరుకుతుంది, కార్ల ఫ్యాక్టరీకి సీట్లు తయారుచేసి పంపే చోట లైనులో నిలబడి పదిహేనేళ్లు బోల్టులు బిగించాను. ఆ మిషన్ల హోరులో పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు, అందరం వేళ్లతో సైగలే. నాకు ఆ సైగలు మిగతావాళ్ల కంటే ముందే వచ్చేశాయి, ఎక్కడ నేర్చుకున్నావు అని సూపర్‌వైజరు అడిగాడు కూడా. ఆదివారాలు ఫోన్ చేసేవాణ్ణి. అన్నయ్య గుసగుస ఫోన్లో అసలు వచ్చేది కాదు, వదిన పక్కన కూర్చుని, మీ అన్నయ్య ఇలా అంటున్నారు, అలా అడుగుతున్నారు అని చెప్పేది. వదిన గొంతులో అన్నయ్య మాటలు వినలేక నెలకోసారి చేశాను, ఆ తర్వాత పండగలకు చేశాను. నాలుగేళ్ల కిందట అన్నయ్య పోయాడు. విమానాలు నడుస్తున్నాయి, సెలవు ఉంది, పాస్‌పోర్టు ఉంది. వెళ్లలేదు. మోకాలి నొప్పి అని చెప్పాను. అక్కడి వాళ్ల మొహం చూసే ధైర్యం లేక వెళ్లలేదు.

ఓక్‌విల్ భోజనాల సంగతి చివరికి మా అమ్మాయికి చెప్పేశాను. అది ఇప్పుడు వాటర్లూలో ఉద్యోగం చేస్తోంది, మనుషుల గొంతులను కంప్యూటర్‌తో తయారుచేసే కంపెనీలో. అంతా విని, "డాడ్, పెద్దనాన్న వాయిస్ మనం రీక్రియేట్ చేయొచ్చు. ఐ జస్ట్ నీడ్ వన్ మినిట్ ఆఫ్ క్లీన్ స్పీచ్. సాంగ్స్ కాదు, షౌట్స్ కాదు, నార్మల్‌గా మాట్లాడింది" అంది.

ఒక్క నిమిషం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క నిమిషం దొరక్కపోతుందా అనుకుని వదినకు ఫోన్ చేశాను, పాత క్యాసెట్లు, పెళ్లి వీడియోలు అన్నీ వెతికించాను. పెళ్లి వీడియోలలో అన్నయ్య ఎక్కడ పెదవులు కదిపినా దాని మీద సన్నాయి అతికించేశారు. బస్టాండులో రోజూ వేలమంది విన్న గొంతు, ఒక్కరూ పట్టి దాచలేదు, మైకులో చెప్పింది చెప్పినట్టు గాలిలో కలిసిపోయింది. గుంపు గొంతులు వింటే నలుగురి మధ్య అన్నయ్యను విడదీయలేకపోయింది మా అమ్మాయి. మిగిలింది ఈ సినిమా ఒక్కటే.

పోయిన ఆదివారం మా అమ్మాయి మిల్టన్ వచ్చింది. పొద్దున్నే టిఫిన్ తిని, ముందు ఆ సినిమా అసలుది, థాయ్‌లోనిది, కింద ఇంగ్లీషు అక్షరాలతో చూద్దామంది. నేను ఆ సినిమాను ఉన్నదున్నట్టుగా చూడటం డబ్బింగ్‌కి ముందు ఒక్కసారే, మళ్లీ ఇప్పుడే. ఆ కుర్రాడు రెండు గంటలసేపు నోరు మెదపకుండా కొట్టుకుంటూ పోతుంటే, మా హాల్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు, మా అమ్మాయి కాళ్లు ముడుచుకుని కళ్లార్పకుండా చూసింది. అయిపోయాక, "హి ఈజ్ సో క్వైట్, డాడ్. ఇట్స్ బ్యూటిఫుల్. నువ్వు ఎందుకు అరిపించావు?" అని అడిగింది. తప్పు పట్టాలని కాదు, తెలుసుకోవాలని అడిగింది. మన జనానికి నచ్చదని అన్నాను. ఏ జనం, అంది.

తర్వాత డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, తెలుగు సినిమాలోంచి చుట్టుపక్కల సంగీతం, దెబ్బల చప్పుడు అన్నీ తీసేసి, ఒక్క అరుపులు మాత్రం ఏరి వరసగా పేర్చింది. మధ్యాహ్నానికి పని అయింది. హెడ్‌ఫోన్లు నాకిచ్చి మీట నొక్కింది. రీలు వెంట రీలు వరసగా పట్టామని చెప్పాను కదా, ఆ వరస అలాగే ఉంది. మొదటి ఫైటులో అరుపులు నిండుగా, గుండ్రంగా, కొత్త చొక్కా వేసుకున్న మనిషి అరిచినట్టే ఉన్నాయి. నాలుగో ఫైటుకు అంచులు గరుకెక్కాయి. ఆరో ఫైటు దగ్గర, ఇంజనీరు నన్ను వరండాలోకి పిలిచింది ఇక్కడే అని నాకు తెలిసిపోయింది, అక్కడ ఏదో చిరిగింది, చిన్నగా, స్పష్టంగా. ఆ తర్వాతి మూడు ఫైట్లూ నేను చేయించినవి. ఆఖరి దెబ్బకి వచ్చేసరికి వినబడింది అరుపు కాదు, ఒట్టి ఊపిరి, అసలు సినిమాలో ఆ కుర్రాడిది ఎలా ఉందో అలాగే. మా అన్నయ్య గొంతు ఎలా పోయిందో మొదటినుంచి చివరిదాకా రికార్డయి ఉంది, మాట మాత్రం ఒక్కటీ లేదు.

మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది. దీంట్లోంచి మాటలు రావు డాడ్, సారీ అంది. దాని తప్పేముంది. ఇప్పుడు ఎక్కడి సినిమా అయినా తన సొంత గొంతుతోనే వస్తోంది, పిల్లలు కింద అక్షరాలు చదువుకుంటూ హాయిగా చూస్తున్నారు, మాట్లాడని హీరోను మాట్లాడకుండా వదిలేస్తున్నారు. రైల్వే ప్లాట్‌ఫారం మీద చెప్పే గొంతుకు జలుబు చేయదు, అలుపు రాదు, మూట మరిచిపోయిన మామ్మగారు దానికి కనబడదు. కావాలంటే ఎవరి గొంతునైనా తయారుచేసి ఎన్ని వేల అరుపులైనా అరిపించుకోవచ్చు, ఎవరికీ రక్తం పడదు. నాలాంటి వాళ్ల అవసరం తీరిపోయింది. మంచిదే అయింది. ఇరవై ఏళ్లు ముందు తీరిపోయి ఉంటే ఇంకా మంచిది.

అది హెడ్‌ఫోన్ల వైరు చుట్టి పెడుతూ, పోనీ పెద్దనాన్న మామూలుగా ఎలా మాట్లాడేవారో నువ్వు ఒకసారి చేసి చూపించు డాడ్, నేనైనా వింటాను అంది. తనకు అన్నయ్య గుసగుస తప్ప గొంతు గుర్తులేదు, అంత చిన్నది అప్పటికి. ఎందరి పెదవులకో మాటలు అతికించినవాణ్ణి, అన్నయ్య గొంతు అనుకరించడం ఎంతసేపు అనుకుని నోరు తెరిచాను. ఏ వాక్యంతో మొదలుపెట్టాలో తెలుసు, చెయ్యి పట్టుకుని మెట్ల మీద అడిగిన మాట ఉండనే ఉంది. ఎత్తుకున్నాను, ఆగిపోయాను, మళ్లీ ఎత్తుకున్నాను. అది ఓపిగ్గా ఎదురుచూసింది. అన్నయ్య నాతో అన్న మాటలు, నన్ను పిలిచిన పిలుపులు, చిన్నప్పుడు తిట్టిన తిట్లు, అన్నీ పొల్లు పోకుండా గుర్తున్నాయి. కానీ అవన్నీ ఇప్పుడు నాకు నా గొంతులోనే వినబడుతున్నాయి.